చెవితో మొదలయ్యే రిపేరు

వైర్‌లెస్ హెడ్‌ఫోన్‌లో గరగర మొదలైతే మనం చేసే మొదటి పని దాన్ని ఎలాగోలా పోగొట్టుకోవడం. బ్లూటూత్ ఆపి మళ్లీ కలుపుతాం, రీసెట్ చేస్తాం, అరచేత్తో రెండు తట్లు తడతాం. ఒక్కోసారి పోతుంది కూడా. మర్నాడు బస్సెక్కి సీట్లో కూర్చోగానే మళ్లీ తయారు. పని తెలిసిన మెకానిక్ దీనికి సరిగ్గా ఎదురు దారిలో నడుస్తాడు. వస్తున్న గరగరను పోనివ్వడు. అది ఎప్పుడొస్తోంది, ఏం చేస్తే పెరుగుతోంది, ఏది ఆపితే ఆగుతోంది అని ఒక్కొక్కటే తేల్చుకుంటాడు. కావాలన్నప్పుడల్లా దాన్ని రప్పించగలను అనే నమ్మకం కుదిరాకే స్క్రూడ్రైవర్ ముట్టుకుంటాడు. రప్పించడం చేతకాని తప్పును దిద్దామని చెప్పుకున్నా అది అప్పటికి దాక్కున్నట్టే గానీ పోయినట్టు కాదు.

ఈ పద్ధతిని నేను దగ్గరగా చూసింది హైదరాబాద్ అబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్‌లో. సెల్‌ఫోన్ల అమ్మకాలకూ రిపేర్లకూ పేరుపడ్డ చోటు అది. ఆ ఇరుకు వరసల్లో ఒక కౌంటర్ వెనక కూర్చునే మెకానిక్ ఫోన్ బోర్డుల మధ్యలో హెడ్‌ఫోన్లు కూడా చూస్తాడు. బల్ల మీద రబ్బరు మ్యాట్, వేడి ఎంత కావాలో పెట్టుకునే సోల్డరింగ్ స్టేషన్, హాట్ ఎయిర్ గన్, మల్టీమీటర్, సీసాలో ఐపీఏ అనే శుభ్రం చేసే ఆల్కహాల్, పళ్లు తోముకుని పక్కన పెట్టిన పాత బ్రష్షు ఒకటి. వీటిలో వేటి జోలికీ పోకముందే ఆయన పని సగం అయిపోతుంది.

ఒక కాలేజీ కుర్రాడు తల మీద పెట్టుకునే పెద్ద హెడ్‌ఫోన్ తెచ్చి కౌంటర్ మీద పెట్టాడు.

“అన్నా, గరగర వస్తుంది.”

“ఎప్పుడొస్తుంది తమ్మీ? పాట బెట్టినంకనా, ఊకెనే వస్తదా?”

“పాట పెడితేనే.”

“రెండు దిక్కులా, ఒక్క దిక్కేనా?”

“కుడి దిక్కే.”

“కూసున్నప్పుడు ఎక్కువనా, నడుస్తుంటెనా?”

“నడుస్తుంటే. తల తిప్పితే ఇంకా ఎక్కువైతది.”

అడిగింది మూడే ప్రశ్నలు. ప్రతి ప్రశ్నతోనూ హెడ్‌ఫోన్‌లో ఒక భాగం మీద అనుమానం తీరిపోయింది. ఊరికే ఉన్నప్పుడు రావడం లేదంటే ఆంప్లిఫయర్ సొంత రొద కాదు. ఒక్క పక్కే అంటే రెండు చెవులకూ ఉమ్మడిగా ఉండే రేడియో, చిప్పు, బ్యాటరీ చాలావరకు పక్కకు తప్పుకున్నట్టే. తల తిప్పితే పెరుగుతోందంటే ఎక్కడో ఏదో కదులుతోంది. ఇక మిగిలింది తీగ, టంకం, స్పీకర్. ఇంత జరిగినా ఆయన హెడ్‌ఫోన్‌ను ఇంకా చేతిలోకి తీసుకోలేదు.

ఈ ప్రశ్నల వెనక ఉన్న లెక్క తెలియాలంటే గాలిలో వచ్చే రొదకూ పెట్టెలో పుట్టే రొదకూ తేడా తెలియాలి. మీడియం వేవ్ రేడియోలో ఎక్కడో పిడుగు పడితే ఇక్కడ చిటపటలాడేది. ఆ పద్ధతిలో తరంగం ఎత్తుపల్లాలే శబ్దం. మెరుపు ఆ ఎత్తును కాస్త కదిలిస్తే అదీ శబ్దంగానే చెవిలో పడుతుంది. ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ 1933లో పేటెంట్ పొందిన ఎఫ్‌ఎం పద్ధతి శబ్దాన్ని తరంగం ఎత్తులో కాక పౌనఃపున్యంలో దాచింది, అందుకే ఆ చిటపటను చాలావరకు వదిలించుకోగలిగింది. బ్లూటూత్ దారి వేరు. పాట అంకెలుగా మారి, చిన్న చిన్న పొట్లాలుగా ప్రయాణిస్తుంది. ప్రతి పొట్లంతోపాటు సరిచూసుకునే లెక్క ఒకటి వస్తుంది. లెక్క తప్పిన పొట్లాన్ని హెడ్‌ఫోన్ పారేసి మళ్లీ పంపమంటుంది. వేళకు అందితే పాట చెక్కుచెదరదు, అందకపోతే ఆ ముక్క ఉండదు. కాబట్టి పాటల విషయంలో గాలి దోషం సాధారణంగా తెగుడుగా వినిపిస్తుంది. పాట సాగుతుండగానే దాని మీద గీరుతున్నట్టు వచ్చే రొద మాత్రం అంకెలు మళ్లీ విద్యుత్తుగా మారిన తర్వాత పుట్టినదే. అంటే చిప్పు నుంచి చెవి దాకా ఉన్న ఆ కాస్త దూరంలోనే.

మెకానిక్ ఇదంతా ఒక్క మాటలో చెబుతాడు: “తెగితే గాలి, గీరితే వైరు.”

తెగుడు కేసుల్లో ఆయన చాలావాటిని విప్పకుండానే వెనక్కి పంపిస్తాడు. అది బద్ధకం కాదు. బ్లూటూత్ నడిచేది 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో. వైఫై అక్కడే, మైక్రోవేవ్ ఒవెన్ అక్కడే. ఆ రద్దీని తట్టుకోవడానికి పాటలు మోసే సంప్రదాయ బ్లూటూత్ 2.402 నుంచి 2.480 గిగాహెర్ట్జ్ వరకు పరుచుకున్న 79 చానెళ్ల మీద సెకనుకు 1600 సార్లు గెంతుతుంది. 2003లో వచ్చిన 1.2 వెర్షన్ నుంచి రొద ఎక్కువగా ఉన్న చానెళ్లను గుర్తుపట్టి వాటిని వదిలేసి గెంతడం కూడా నేర్చుకుంది. ఇంత ఒడుపు ఉన్నా కొన్నిచోట్ల ఓడిపోతుంది. యూఎస్‌బీ 3.0 పరికరాల నుంచీ కేబుళ్ల నుంచీ వెలువడే రొద 2.4 గిగాహెర్ట్జ్ పరికరాలను ఇబ్బంది పెడుతుందని ఇంటెల్ 2012లోనే కొలిచి చూపించింది. ల్యాప్‌టాప్‌కు హార్డ్ డిస్క్ తగిలించగానే పాట తెగుతోందంటే అనుమానం మొదట దాని మీదికే పోవాలి. మనిషి ఒళ్లూ ఒక అడ్డే. ఈ తరంగాలను నీరు పీల్చుకుంటుంది, ఒంట్లో ఉన్నది ఎక్కువగా నీరే. ఫోన్ ఎడమ పక్క వెనక జేబులో, రేడియో కుడి చెవి డిప్పలో ఉంటే మధ్యలో మనమే గోడలా నిలబడతాం. అలాంటివాళ్లకు ఆయన చేసే రిపేరు ఒకటే: “ఫోన్ ఈ జేబుల బెట్టి నాల్రోజులు చూడు సార్. అప్పుడు గూడ తెగితే తీస్కరా.”

ఒక మినహాయింపు ఉంది. పాట శుభ్రంగా ఉండి ఫోన్ కాల్‌లోనే గొంతు గరుగ్గా వస్తే అది వైరు కాకపోవచ్చు. కాల్ కోసం హెడ్‌ఫోన్ మైకు తెరుచుకోగానే బ్లూటూత్ వేరే మార్గానికి మారుతుంది. ఆ మార్గంలోని పాత పద్ధతి సెకనుకు 64 కిలోబిట్లతో గొంతును ఎలాగో నెట్టుకొస్తుంది. అందులో పాడైన ముక్కను మళ్లీ అడిగి తెప్పించుకునే వీలు లేదు కాబట్టి తప్పులు తప్పుల్లాగే చెవిన పడతాయి. అందుకే కొత్తగా వచ్చిన ఏ హెడ్‌ఫోన్‌నైనా ఆయన పాటతో ఒకసారి, కాల్‌తో ఒకసారి వింటాడు.

లోపల పుట్టే రొదల్లోనూ రకాలున్నాయి. ఏమీ పెట్టకపోయినా సన్నగా ‘స్స్’మంటూ, వాల్యూమ్ పెంచినా తగ్గించినా మారకుండా ఉంటే అది ఆంప్లిఫయర్ పుట్టుకతో తెచ్చుకున్న గుణం. దానికి మందు లేదని మొహం మీదే చెప్పేస్తాడు. చార్జింగ్‌లో పెట్టి వింటున్నప్పుడే సన్నటి ఈల వస్తే చార్జర్ మార్చి చూస్తాడు. చార్జింగ్ అడుగంటినప్పుడు డప్పు దెబ్బ పడ్డచోటల్లా చిట్లుతుంటే ముసలి బ్యాటరీ. నిండుగా ఉన్న లిథియం సెల్ 4.2 వోల్టులు చూపిస్తుంది, పాతబడ్డ కొద్దీ లోపలి నిరోధం పెరుగుతుంది. దెబ్బకు కావలసిన కరెంటు ఒక్కసారిగా లాగేసరికి వోల్టేజీ జారిపోతుంది. బయటి చప్పుళ్లను అణిచే నాయిస్ క్యాన్సలింగ్ వేసినప్పుడే కూత పెడితే, ఆ పని కోసం పెట్టిన చిన్న మైకుల రంధ్రాల్లో దుమ్ము చేరిందేమో, చెవికి ఆనే దిండు చినిగి సందు పడిందేమో చూడాలి. చుట్టుపక్కల మోతను మైకు విని, దానికి తిరగేసిన అలను స్పీకర్ పలకడం వల్లే ఆ అణిచివేత జరుగుతుంది. మైకు తప్పు వింటే స్పీకర్ తప్పే పలుకుతుంది.

ఇక ఆ కుర్రాడి హెడ్‌ఫోన్. మెకానిక్ దాన్ని తన తలకు పెట్టుకుని, కుర్రాడి ఫోన్‌తో కాక తన ఫోన్‌తో జత చేశాడు. ముందు చప్పుడే లేని ఫైలు ఒకటి నడిపాడు. కుడి చెవి నిశ్శబ్దం. తర్వాత ఎత్తుపల్లాలు లేని ఒకే స్వరం, మంద్రంగా. పాటలో గరగర కలిసిపోతుంది, తబలా దెబ్బ ఏదో చిట్లుడు ఏదో తేలదు. ఒకే స్వరం మీద చిన్న గీత పడినా ఇట్టే తెలిసిపోతుంది. ఆ స్వరం మోగుతుండగా హెడ్‌ఫోన్‌ను మడిచే కీలు దగ్గర కుడి డిప్పను మెల్లగా, గోరంత గోరంతగా వంచుతూ పోయాడు. ఒక వంపు దగ్గర గర్రుమంది. అక్కడే ఆపాడు. రవ్వంత వెనక్కి తెస్తే పోయింది, ముందుకు నెడితే వచ్చింది. నాలుగైదు సార్లు అలా రప్పించి, పోగొట్టి, మళ్లీ రప్పించి, కీలు మీద మార్కర్‌తో చుక్క పెట్టాడు. తర్వాత బ్లూటూత్ ఆపి 3.5 మి.మీ. కేబుల్ గుచ్చాడు. అదే వంపులో అదే గర్రు. దాంతో బ్లూటూత్ మీద మిగిలిన కాస్త అనుమానమూ కొట్టుకుపోయింది.

అప్పుడు విప్పాడు. చెవి దిండు అంచును వేలితో పట్టి గాడిలోంచి చుట్టూ లాగితే ఊడి వచ్చింది. దాని కింద స్క్రూలు, వాటి వెనక స్పీకర్. ఈ మోడల్‌లో బోర్డు ఎడమ డిప్పలో ఉంది. కుడి స్పీకర్‌కు వెళ్లే తీగలు తల మీది పట్టీ లోపలినుంచి దాటి రావాలి. అంటే రెండు కీళ్లు దాటాలి, మడిచిన ప్రతిసారీ అక్కడ నలగాలి. మల్టీమీటర్ కొసలు స్పీకర్ మీద పెడితే 32 ఓముల దరిదాపుల్లో నిలకడగా చూపించింది. స్పీకర్ క్షేమం. అవే కొసలు తీగ రెండు చివర్లకు పెట్టి, మార్కర్ చుక్క ఉన్న వంపు దాకా కీలును తెచ్చేసరికి అంకెలు ఎగిరెగిరి పడ్డాయి. చెవి చెప్పినదాన్నే మీటరు చూపించింది.

కొందరు ఇక్కడ తీగను తెగినచోట కోసి, మెలిపెట్టి, టేపు చుట్టి ఇచ్చేస్తారు. అది వారం తిరక్కుండా మళ్లీ తెగుతుంది, ఎందుకంటే అతుకు పడింది కీలులోనే. ఈయన మొత్తం తీగ మార్చాడు. పట్టీని పూర్తిగా విప్పితే గుడ్డ చినుగుతుందని, పాత తీగ చివర కొత్త తీగను సన్నగా టంకం పెట్టి కలిపి, ఇవతలినుంచి తోస్తూ అవతలినుంచి లాగాడు, పైజామాలోకి బొందు ఎక్కించినట్టు. పాత తీగ బయటికి వచ్చేసరికి కొత్తది దాని స్థానంలో పడుకుంది. తీగ ఎంపికలోనూ తూకం ఉంది. ఫోన్ బోర్డుల మీద జంపర్ కొట్టే సన్నటి ఒంటి తీగ బల్ల మీదే ఉంది, కానీ అది కదలని చోట పనికొస్తుంది. కీలులో వంగుతూ లేస్తూ ఉండాల్సిన దానికి సన్నటి పోగులు బోలెడు కలిసిన మెత్తటి తీగ కావాలి. కీలు రెండు పక్కలా కాస్త వదులు ఉంచాడు. మడిచినప్పుడు లాగుడు టంకం మీద పడకుండా ఆ వదులే కాచుకుంటుంది.

చూడవలసిన పని అసలు ఇక్కడే ఉంది. హెడ్‌ఫోన్ తీగలో రాగి పోగులు ఎర్రగా, పచ్చగా కనిపిస్తాయి. అది రంగు కాదు, పోగు పోగుకీ పూసిన ఇన్సులేషన్ పూత. మధ్యలో బలం కోసం దారం పోగులు. ఆ పూత ఉన్నంతవరకు టంకం పట్టదు. పైకి అంటుకున్నట్టు ఉంటుంది, లోపల అంటదు. అలా కుదిరీ కుదరని అతుకును ఈ బజారులో డ్రై సోల్డర్ అంటారు. ఎన్నో గరగరలు పుట్టేది అందులోంచే. బ్లేడుతో గీకితే పూతతోపాటు సగం పోగులూ తెగిపోతాయి. ఈయన బ్లేడు తీయలేదు. సోల్డరింగ్ బిట్టు వేడి 380 డిగ్రీలకు పెంచి, దాని మీద నిండుగా ఒక టంకం చుక్క నిలబెట్టి, ఫ్లక్స్ పేస్ట్‌లో ముంచిన తీగ కొనను ఆ చుక్కలో ఉంచాడు. సన్నటి పొగ లేచింది, పూత కాలి పక్కకు నల్లటి తెట్టులా తేలింది, రాగి మీదికి వెండి రంగు పాకింది. కొన బయటికి తీసి బ్రష్షుతో ఐపీఏ రాస్తే మెరుస్తున్న ఒకే ముద్ద. ఒక్క పోగు తెగలేదు.

తర్వాత వేడి తగ్గించాడు. స్పీకర్ వెనక తీగలు అతికే రెండు చిన్న మెట్టల మీదే కాయిల్ నుంచి వచ్చే వెంట్రుకంత సన్నటి తీగలు కూడా అతికి ఉంటాయి. అక్కడ బిట్టు ఎక్కువసేపు ఉంచితే ప్లాస్టిక్ మెత్తబడుతుంది, కాయిల్ తీగ ఊడిపోతుంది, స్పీకరే పోతుంది. ఆయన వాడేది 63–37 తగరం సీసం మిశ్రమం. 183 డిగ్రీలకే కరుగుతుంది, కరిగినది ఒక్కసారిగా గట్టిపడుతుంది, మధ్యలో పిండిలా ఉండే దశ లేదు కాబట్టి చెయ్యి వణికినా అతుకు చెదిరే ప్రమాదం తక్కువ. మెట్ట అంచున, కాయిల్ తీగకు దూరంగా బిట్టు ఆనించి తీసేశాడు. భూతద్దంలో చూస్తే టంకం తీగ చుట్టూ నున్నగా జారి మెట్ట మీద పరుచుకుంది. ఉబ్బుగా గోళీలా నిలబడితే పట్టలేదని అర్థం, తీగ చుట్టూ వలయంలా పగులు కనిపిస్తే ముందుముందు పట్టు వదులుతుందని అర్థం. మిగిలిపోయిన పేస్ట్‌ను ఐపీఏతో కడిగేశాడు. అది అలాగే ఉంటే తేమ పట్టి, ఏడాది తిరిగేసరికి తుప్పై కూర్చుంటుంది.

మూత బిగించకముందే పరీక్ష పెట్టాడు. రెండు చెవుల్లో ఒకే గొంతు వచ్చే మోనో రికార్డింగ్ నడిపి కళ్లు మూసుకుని విన్నాడు. గొంతు సరిగ్గా తల మధ్యలోంచి రావాలి. ప్లస్, మైనస్ తారుమారైతే రెండు స్పీకర్లూ దేని దారి అది పట్టి ఒకటి ముందుకు తోస్తుంటే ఇంకోటి వెనక్కి లాగుతుంది. గొంతు ఎటునుంచి వస్తోందో తెలియకుండా చెదిరిపోతుంది, బేస్ డొల్లగా తేలుతుంది. గరగర పోయింది కాబట్టి కస్టమర్ సంతోషంగానే వెళ్తాడు, ఏదో వెలితి మాత్రం అలాగే ఉండిపోతుంది. తీగలు తానే మార్చినవి కదా అని ఈయన నమ్మి ఊరుకోలేదు. ఆ తర్వాత నిశ్శబ్దం ఫైలు, తర్వాత మొదటి స్వరం. చుక్క పెట్టిన వంపు దగ్గరికి కీలును తెచ్చి పదే పదే మడిచాడు. ఏ పరీక్షతో తప్పును రప్పించాడో అదే పరీక్షలో అది రాకపోతేనే పోయినట్టు లెక్క.

అన్ని కేసులకూ టంకం అక్కర్లేదు. ఇంటినుంచి పనిచేసే ఒకావిడ హెడ్‌ఫోన్‌లో బరువైన స్వరాలకే బుర్రుమనేది. “వేరే దుకాణంలో స్పీకర్ మార్చాలన్నారు” అందావిడ. “చూద్దామక్కా” అని ఆయన 20 హెర్ట్జ్ నుంచి మెల్లగా పైకి జారే స్వరం నడిపాడు. ఒకచోట బుర్రుమని, కాస్త పైకి వెళ్లగానే ఆగింది. కాయిల్ రాసుకుంటే అంత చిన్న మేరలోనే రొద పుట్టి ఆగిపోదు. ఏదో తేలికైన వస్తువు ఆ ఒక్కచోటే స్పీకర్ పొరకు తగులుతూ అదురుతోంది. దిండు తీసి, జాలీ కింద లైటు పెడితే పొర మీద అడ్డంగా ఒక వెంట్రుక. ట్వీజర్ పొరకు తగలకుండా దాన్ని పైకి లాగాడు. రిపేరు అయిపోయింది. ఇయర్‌బడ్స్‌లో ఈ పని ఇనుప రజనుది. స్పీకర్ అయస్కాంతం దాన్ని జాలీ గుండా లోపలికి లాక్కుంటుంది.

గరగర ఎప్పుడు పెరుగుతుందని అడిగే ఈ పద్ధతి ఒక్క బజారు మెకానిక్‌లదే కాదు. 2020 అక్టోబరులో ఆపిల్ సంస్థ కొన్ని ఎయిర్‌పాడ్స్ ప్రోలను ఉచితంగా మార్చి ఇస్తామని ప్రకటించినప్పుడు, చుట్టూ మోత ఉన్నచోట, వ్యాయామం చేస్తున్నప్పుడు, ఫోన్ మాట్లాడుతున్నప్పుడు పెరిగే చిటపట అని లక్షణాన్ని వర్ణించింది. అబిడ్స్ కౌంటర్ మీద అడిగే ప్రశ్నల వరసే అది. తేడా తర్వాతి మెట్టులో ఉంది. కంపెనీ బడ్ మార్చేసింది, ఎందుకంటే అది విప్పడానికి చేసినది కాదు. పరికరాలను విప్పి మార్కులు వేసే ఐఫిక్సిట్ సంస్థ 2016లో మొదటి ఎయిర్‌పాడ్స్‌కు రిపేరు సౌలభ్యంలో 10కి 0 ఇచ్చింది. జగదీశ్ మార్కెట్ మెకానిక్ కూడా జిగురుతో మూసిన బడ్స్ చాలావాటిని చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, తిరిగిచ్చేస్తాడు. విప్పితే మూత మళ్లీ కుదురుగా కూర్చోదు, చెమటకు అడ్డు ఉండదు. చేయగలిగిందీ చేయకూడనిదీ తేల్చుకోవడం కూడా పనితనంలో భాగమే. స్క్రూలతో బిగించే హెడ్‌ఫోన్ అసాధ్యమేమీ కాదని ఫెయిర్‌ఫోన్ 2023లో తెచ్చిన ఫెయిర్‌బడ్స్ ఎక్స్ఎల్ చూపించింది. యూరప్‌లో 2027 ఫిబ్రవరి నుంచి చిన్న పరికరాల బ్యాటరీలను వాడేవాళ్లే తీసి మార్చుకునే వీలుండాలని చట్టం ఉంది. మన కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ పోర్టల్ తెరిచింది. ఇవి ముందుకు సాగితే ఇలాంటి చేతుల కింద పడే వస్తువులు పెరుగుతాయి.

మారవలసింది ఇంకొకటి మన దగ్గరే ఉంది. రిపేరు బిల్లులో పార్టుకు ధర ఉంటుంది, చేతికి అంతో ఇంతో కూలి ఉంటుంది, చెవికి ఏమీ ఉండదు. కొత్త తీగ వేయించుకున్న కుర్రాడు అడిగినంత ఇచ్చి వెళ్లాడు. వెంట్రుక తీయించుకున్న ఆవిడ దగ్గర ఆయన చాయ్ ఖర్చంత తీసుకున్నాడు. జేబు మార్చుకోమని చెప్పించుకున్న పెద్దమనిషి అసలేమీ ఇవ్వలేదు, ఇవ్వాలని ఆయనకు తోచనూ లేదు. నిజానికి ఆ ముగ్గురికీ అందింది ఒకే నైపుణ్యం, తప్పు ఎక్కడుందో, ఎక్కడ లేదో తేల్చి చెప్పడం. డాక్టరు మందు రాయకుండా నీకేం లేదు పొమ్మన్నా ఫీజు ఇచ్చి వస్తాం. విప్పనక్కర్లేదని చెప్పే మెకానిక్‌కూ ఆ లెక్కన ఇవ్వకపోతే, అవసరం లేకపోయినా విప్పి స్పీకర్ మార్చేవాడే ఈ వ్యాపారంలో మిగులుతాడు.